బండి ఎంత దూరంలో ఆగాలి

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ సంబరపడలేదు. మాది సంతబొమ్మాళి మండలంలో ఒక పల్లె. వరి పొలం, ఉద్దానం వైపు కాస్త జీడితోట ఉన్న కుటుంబం. టెక్కలిలో ఇంజినీరింగు పూర్తిచేసిన పిల్ల ఏ బెంగుళూరుకో పోతుందనుకుంటే, పొద్దున్నే టిఫిను డబ్బా సర్దుకుని పలాస బస్సెక్కుతానంటోందని అమ్మ మొహం ముడుచుకుంది.

"జీడిపిక్కలొల్సుకోడానికి నాలుగేళ్లు సదవాలేటే?" అంది.

"పిక్కలు ఒలవడానికి కాదమ్మా. రోబోని చూసుకోడానికి."

"దాన్ని సూసుకునేదేటి? అదేమైనా పసిగుంటా?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. లోపల మాత్రం గుండె ఎగిరెగిరి పడుతోంది. కాలేజీలో మేము చేసిన రోబో అరచేతిలో పట్టేది. బల్ల మీద నల్లగీత వెంట నడిచి, గీత అయిపోగానే కిందపడేది. ఇది నిజంది, మనుషుల మధ్య తిరిగేది. మా జిల్లాలో అలాంటిదాన్ని నేనెక్కడా చూడలేదు.

దానికి చేతులూ కాళ్లూ లేవు. నడుమెత్తున ఉండే తెల్లటి బండి. నాలుగు అరలు, అడుగున చక్రాలు, పైన చిన్న తెర, ఆ తెర మీద రెండు గుండ్రటి కళ్లు. డ్రయ్యరు గదిలోంచి ట్రేలను పీలింగు హాలుకి, అంటే ఆడవాళ్లు కూర్చుని పప్పు మీది పొట్టు తీసే చోటుకి, మోసుకురావడం దాని పని. ట్రేలు మోసే మగవాళ్లు నిలవడం లేదని, ఇవాళ ఉన్నవాళ్లు రేపు చెన్నై రైలెక్కేస్తున్నారని షావుకారు గారు దాన్ని తెప్పించారు.

లారీలోంచి దింపిన రోజు హాల్లో ఉన్న ఆడవాళ్లంతా ఒళ్లో పొట్టు దులుపుకుంటూ బయటికొచ్చేశారు. నేను రోజూ ఎక్కే బస్సులో చాలామంది వీళ్లే. ముగ్గురి సీట్లో నలుగురు ఇరుక్కుని, నిలబడ్డవాళ్ల సంచులు ఒళ్లో పెట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు కునికిపాట్లు పడుతూ వస్తారు. ఎవరి మోచేయి ఎవరి డొక్కలో ఉందో ఎవరికీ పట్టదు. అలాంటివాళ్లు ఆ బండి చుట్టూ మాత్రం గీత గీసినట్టు గుండ్రంగా నిలబడిపోయారు. వెనకవాళ్లు తోస్తున్నా ముందువాళ్లు ఒక్క అడుగు కదలలేదు. నాకు ఆ గుండ్రం చూస్తే భలే సరదాగా అనిపించింది. మధ్యలో బండి, పక్కన నేను. తోడిపెళ్లికూతురిలాగ నిలబడ్డాను.

షావుకారు గారు కొబ్బరికాయ కొట్టారు. పసుపు రాసి బొట్టు పెట్టమని ఒకామెను పిలిచారు. ఆమె చెయ్యి బారుగా చాచి, మొహం పక్కకి తిప్పుకుని, బండికి ముందువైపున్న నల్లటి గాజు గుండ్రం మీద పెద్ద కుంకుమ బొట్టు పెట్టి ఒక్క గెంతు గెంతి వెనక్కొచ్చేసింది. నేను మీట నొక్కాను. బండి కదల్లేదు. మళ్లీ నొక్కాను. తెర మీద కళ్లు ఎర్రబడ్డాయి. షావుకారు గారి మొహం పాలిపోయింది. అమ్మిన కంపెనీ టెక్నీషియనుకి ఫోన్ చేస్తే, ముందున్న నల్లగాజు శుభ్రంగా ఉందా అని అడిగాడు. అప్పుడు వెలిగింది నాకు. అది చుట్టుపక్కల ఏముందో చూసుకునేది ఆ గాజులోంచే. చున్నీతో తుడిచాను. బండి చిన్నగా ఈల వేసి కదిలింది.

"ఓలమ్మో! కంట్లో బొట్టెడితే ఎలగ నడుత్తాదే!" అని ఎవరో అన్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వుకే గుండ్రం కాస్త చిన్నదైంది.

అప్పుడు బండి మాట్లాడింది. "నమస్కారం. దయచేసి పక్కకు జరగండి." వార్తలు చదివే అమ్మాయి గొంతు. గుండ్రం మళ్లీ పెద్దదైపోయింది.

అందరి వెనకా స్తంభం పక్కన ఒకామె నవ్వకుండా చూస్తూ ఉంది. హాల్లో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. పాతికేళ్లుగా పిక్కల పనిలోనే ఉంది. మొదట్లో పిక్కలు కొట్టే చోట చేసింది. జీడి సొన తగిలి తగిలి ఆమె వేళ్ల చివర్లు ఇప్పటికీ నల్లగా ఉంటాయి. మోకాళ్లు అరిగాక పీలింగుకి మార్చారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని బాప్టిస్టు చర్చికి వెళ్లడం తప్ప ఆమెకు వేరే సెలవంటూ ఉండేది కాదు. చిన్నచిన్న తగువులన్నీ ఆమే తీర్చేది. షావుకారు గారితో గట్టిగా మాట్లాడాలంటే అందరూ ఆమెనే ముందుకు తోసేవారు.

ఆ రోజూ ఆమే అడిగింది. "బాబూ, ఇదొచ్చి మా కూలి తినేత్తాదేటి?"

"పప్పు ఒలిచే చేతులు దానికెక్కడున్నాయమ్మా? మోతకే అది" అన్నారు షావుకారు గారు.

పెద్దమ్మ బండిని ఇంకోసారి పైనుంచి కిందికి చూసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి నా పని మొదలైంది. హాల్లో రెండు వరుసల మధ్య దారి. ఆ దారిలో బండి నెమ్మదిగా వస్తుంది, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతుంది, వాళ్లు లేచి తమ ట్రే తీసుకోవాలి. అంతే. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే బండిని చూడటం రెండు రోజుల్లో మానేశాను. మనుషుల్నే చూసేదాన్ని. బండి వస్తోందంటే ఒకామె కొంగు ఒళ్లోకి లాక్కునేది. కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె తల మీద ముసుగు సర్దుకునేది. ఇంకొకామె "రా రా" అని గొణిగి, తీరా వచ్చాక వెనక్కి వాలిపోయేది. ఒకసారి ఒకామె కాలు పొరపాటున చక్రానికి తగిలింది. వెంటనే ఆమె బండిని చేత్తో తాకి ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. మనిషికి కాలు తగిలితే ఎలా చేస్తామో అలాగే. ఆ పూటంతా నాకు ఆ దృశ్యమే కళ్లముందు తిరిగింది. ఇంటికెళ్లి అమ్మకి చెబితే, "మరి తగిలితే దణ్ణమెట్టుకోదేటి?" అని నా వైపే వింతగా చూసింది.

ఇదంతా నాకు సరదాగానే ఉంది గానీ పని మాత్రం నడవలేదు. బండి మనిషికి రెండు మూరల దూరంలో ఆగేది. ట్రే కావాలంటే వాళ్లే లేచి దగ్గరికి వెళ్లాలి. "నువ్వెల్లు" అంటే "నువ్వెల్లు" అని ఒకరినొకరు పొడుచుకునేవారు. చివరికి ఎవరో ఒకతె గబుక్కున వెళ్లి, నలుగురి ట్రేలూ ఒకేసారి లాక్కొచ్చేది. మిగతావాళ్లకి ఆలస్యం. బండి ఖాళీ అయ్యేదాకా డ్రయ్యరు దగ్గర ట్రేలు పేరుకుపోయేవి. షావుకారు గారు రోజుకోసారి వచ్చి చూసి పెదవి విరిచేవారు. "నెలాఖరు దాకా చూస్తానమ్మా. కుదరకపోతే తిప్పి పంపేస్తాను" అన్నారొకరోజు. బండి వెళ్లిపోతే నాకక్కడ ఏం పని? ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాలకి ఇంకా గంట ఉందనగా, హాల్లోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. ఆమె అరవడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు.

"ఎవుల్నే పక్కకి జరగమంతన్నావు? నన్నా?"

పరుగెత్తుకెళ్లాను. పెద్దమ్మ తన చోట పీట మీద కూర్చునే ఉంది. బండి ఆమెకి చాలా దూరంలో ఆగి, "దయచేసి పక్కకు జరగండి, దయచేసి పక్కకు జరగండి" అని ఆ వార్తల గొంతుతో అంటూనే ఉంది. గబగబా దాని మాట ఆపేశాను.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏటవ్వాల? నువ్వే సూడు. ఈ పక్కనున్న గుంటదాని కాడికెల్తాది. ఆ పక్కనున్నదాని కాడికెల్తాది. నా కాడికొచ్చేతలికి అల్లంత దూరాన్నే ఆగిపోతాది. ఆగి, పక్కకి జరుగు జరుగంతాది. ఇయ్యాల కాదు, వచ్చిన్నాటి నుంచీ ఇదే వరస. దీనికి నానేటి సేసినాను?"

"అందరి దగ్గరా ఒకటే దూరం పెట్టాం పెద్దమ్మా. దానికి మనుషుల్లో తేడా తెలీదు."

"తెలీదని నువ్వంతన్నావు. నాకు కళ్లున్నాయి."

భోజనాల వేళ నా డబ్బా పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఎప్పుడూ ఆఫీసు గదిలో తినేదాన్ని. ఆమె నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. కోపం తగ్గింది గానీ గొంతు ఇంకా బరువుగానే ఉంది.

"నా సిన్నప్పుడు మా అయ్య బుగతల కల్లాల్లో, ఆ పెద్ద రైతుల కాడ, పనిసేసేవోడు" అంది. "నానూ కూడా ఎల్లేదాన్ని. కల్లం గట్టు దాటి లోనకి రాకూడదు. నీల్లు కావాలంటే దోసిలి పట్టాల, పైనుంచి పోసేవోరు. ఆల్లు నడిసొత్తంటే మేమే తప్పుకోవాల. ఎంత దూరంలో నిలబడాలో మాకెవులూ కొలిసి సెప్పనేదు. అయినా తెలిసిపోయీది. ఇప్పుడు ఈ ఇనప ముక్కొచ్చి నాకు మల్లీ దూరం సెప్తందేటని కాలింది."

నేను డబ్బాకి మూత పెట్టేశాను. మా ఇంటి అరుగు మీద గోడగూట్లో విడిగా ఒక గాజు గ్లాసు ఉండేది. అది ఎవరికోసమో ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పకుండానే తెలుసు. ఆ సంగతి ఆమెతో ఏమని అనగలను? "రేపు అందరి ముందూ చూద్దాం పెద్దమ్మా. నిజంగా తేడా ఉంటే నేనే దాన్ని తిప్పి పంపించేయమని చెబుతాను" అన్నాను.

"అయితే సావుకారి గారి కాడ ఎలగాగుతాదో అది కూడా సూపించాల" అందామె.

షావుకారు గారికి ఈ మాట చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఆయన విని గట్టిగా నవ్వారు. "అంతేనా? వస్తాను పద" అన్నారు.

మర్నాడు పొద్దున్న హాల్లో ఒక్క చెయ్యీ పప్పు ఒలవలేదు. గ్రేడింగు వాళ్లు, డ్రయ్యరు దగ్గరి వాళ్లు, గేటు దగ్గరుండే ఆయన, అందరూ తలుపుల్లో మూగారు. కిటికీలకి కూడా మనుషులే. నేను చిన్న చాక్‌పీసు ముక్క పట్టుకున్నాను.

ముందు షావుకారు గారు దారి చివర నిలబడ్డారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తెల్లపంచె. బండి కదిలింది. నెమ్మదిగా వచ్చి ఆయనకి రెండు మూరల దూరంలో ఆగింది. బండి ఆగిన చోట నేల మీద గీత గీశాను.

"ఇప్పుడు నా కాడికి" అంది పెద్దమ్మ, తన పీట మీద కూర్చుని.

బండి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. ఆమె పక్కనున్న పిల్ల దగ్గర సరిగ్గా ఆగింది. కదిలింది. పెద్దమ్మ వైపు తిరిగింది. తిరిగి, దాదాపు ఇంకో రెండు మూరల ముందే నిలిచిపోయింది. "దయచేసి పక్కకు జరగండి."

పెద్దమ్మ నా వైపు చూసిందంతే. షావుకారు గారి నవ్వు ఆగిపోయింది. ఇది కాకూడదు. దానికి మొహాలు తెలీవు, పేర్లు తెలీవు. నా చదువంతా అదే చెబుతోంది. మరి కళ్లెదుట ఇదేమిటి?

నేను నేల మీద మోకాళ్లూని బండి పక్కన తల పెట్టాను. దాని నల్లగాజు ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తు నుంచే చూశాను. అక్కణ్ణుంచి చూస్తే మనిషి మొహం కనిపించదు. చీర అంచులు, పీటల కోళ్లు, పాదాలు. అంతే. నా ఎదురుగా, దారిలోకి బారుగా చాచి ఉన్న ఒక కాలు. పెద్దమ్మ అరిగిన మోకాలు. మడిస్తే నొప్పని ఆమె ఎప్పుడూ ఆ కాలు చాచే కూర్చుంటుంది. బండికి ఆమె మొదలయ్యేది ఆ పాదం దగ్గరే. ఆ పాదానికి రెండు మూరల దూరంలో, ఒక్క వేలు కూడా తేడా లేకుండా, అది ఆగి ఉంది.

"కాలు! పెద్దమ్మా, నీ కాలు!" అని అరిచాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

"నా కాలుకేటయినాది?"

చెప్పాను. దాని దారికి ఆ కాలే అడ్డమని, అందుకే ముందే ఆగి జరగమంటోందని అందరికీ వినపడేలా చెప్పాను. కొందరు తలూపారు. పెద్దమ్మ మాత్రం నమ్మలేదు. "మాటలు ఎన్నైనా సెప్పొచ్చు" అంది.

అప్పుడు నాకెక్కడినుంచి వచ్చిందో తెలీదు ధైర్యం. షావుకారు గారి వైపు తిరిగి, "సార్, మీరు వచ్చి పెద్దమ్మ చోట కూర్చుంటారా? కాలు చాచి?" అన్నాను.

ఆయన తన తెల్లపంచె వైపు చూసుకున్నారు. నేల మీద గోధుమరంగు పొట్టు గుట్టలుగా ఉంది. తలుపుల్లో మూగిన జనం వైపు చూశారు. పెద్దమ్మ అప్పటికే గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆయన చెప్పులు విడిచి వచ్చి, ఒక చేత్తో పంచె ఎత్తి పట్టుకుని, ఆ పీట మీద కూలబడ్డారు. కుడికాలు దారిలోకి చాచారు.

బండి వచ్చింది. పక్కనున్న పిల్ల దగ్గర ఆగింది. కదిలింది. షావుకారు గారి వైపు తిరిగింది. అల్లంత దూరంలోనే నిలిచిపోయింది.

"దయచేసి పక్కకు జరగండి."

హాలు ఒక్కసారిగా పేలింది. ఈలలు, చప్పట్లు, ట్రేల మీద దరువులు. "జరగండి బాబూ, జరగండి!" అని కిటికీలోంచి ఎవరో అరిచారు. షావుకారు గారు కూర్చున్నచోటే పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. పెద్దమ్మ మాత్రం ఇంకా నవ్వలేదు. ఆమె ఇందాక ఆయన నిలబడిన చోటికి, దారి చివరికి, నెమ్మదిగా నడిచి వెళ్లి నిలబడింది.

"ఇప్పుడు రమ్మను" అంది.

బండి ఆమె దగ్గరికి వెళ్లింది. నేను గీసిన గీత దగ్గరికే వెళ్లింది. సరిగ్గా దాని మీదే ఆగింది.

పెద్దమ్మ ఆ గీతనే చూస్తూ ఉంది. ఆమె పెదాలు మెల్లగా విచ్చుకున్నాయి. తర్వాత నవ్వింది. భుజాలు కదిలిపోయేలా, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నడిచి బండి దగ్గరికి వెళ్లి, దాని నెత్తి మీద అరచెయ్యి వేసింది. "నువ్వు బాగానే ఉన్నావే. నానే తిట్టీసినాను" అంది.

ఆ తర్వాత ఎవర్నీ బతిమాలవలసిన పని లేకపోయింది. గుండ్రం చెదిరిపోయింది. అందరూ బండిని ముట్టుకునేవాళ్లే. దాని కళ్ల ముందు చేతులు ఊపేవాళ్లు, అరల్లో తల పెట్టి చూసేవాళ్లు. పాపం, అది ఎటూ కదల్లేక, ఎటు తిరిగినా మనుషులే తగిలి, ఎర్రకళ్లేసుకుని నిలబడిపోయింది.

"మరి అంత దూరంలో ఆగితే ఎలాగ? ట్రే కోసం ప్రతిసారీ లేవాలంటే కష్టం కాదా? మీరే చెప్పండి, ఎంత దూరం పెట్టమంటారు?" అన్నాను. అలా అడగొచ్చని కంపెనీ వాళ్లెవరూ నాకు చెప్పలేదు. అడిగేశాను. అంతే, హాలు సంతలా అయిపోయింది.

"జానెడు సాలు!"

"జానెడంతే మీదకెక్కినట్టే! కొత్తల్లుడు నిలబడినంత దూరముండాల."

"కొత్తల్లుడు గుమ్మంలోనే నిలబడతాడు. అప్పుడు ట్రే ఎవులందుకుంతారే, నీ మొగుడా?"

"అత్తగారు నిలబడినంత దూరం పెట్టమ్మా!"

"ఓలమ్మో, మా అత్తయితే నా నెత్తి మీదే ఉంతాది!"

ఈ గోలంతా విని పెద్దమ్మ చెయ్యెత్తింది. "అది సుట్టమూ కాదు, అల్లుడూ కాదు. మనతో పనిసేసేది. పక్కన కూకుని పప్పొలిసే మనిసి ఎంత దూరముంతాదో, అంతుండాల" అంది.

దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. టెక్నీషియనుకి ఫోన్ చేస్తే, భద్రత కోసం ఒక హద్దు కంటే దగ్గరగా పెట్టడం కుదరదన్నాడు. అయినా కూర్చున్న మనిషి చెయ్యి చాస్తే ట్రే అందేంత దూరం కుదిరింది. దాంతోపాటు బండి దారిని కాస్త అవతలి వరుస వైపు జరిపాను. పెద్దమ్మ కాలు మడవక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా ట్రేలు చేతుల్లోంచి చేతుల్లోకి జారిపోతున్నాయి. డ్రయ్యరు దగ్గరి ఆయన పరుగున వచ్చి, "ఆపండమ్మా! ట్రేల్లో పప్పు ఎండేదాకా ఆగరేటి?" అని గగ్గోలు పెట్టాడు. ఆ మాట వింటుంటే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

బస్సుకి బయల్దేరుతుంటే పెద్దమ్మ నన్ను ఆపింది. "అంతా బాగానే ఉన్నాది గానీ, ఆ మాటొక్కటి మార్సీమ్మా."

"ఏ మాట?"

"పక్కకి జరగండీ అంతాది సూడు. అది నాకు పడదు."

బండి గొంతు మార్చుకోవచ్చని నాకు అంతకు ముందే తెలుసు. ఫోన్లో రికార్డు చేసి ఎక్కిస్తే చాలు. మర్నాడు ఆమెనే గోదాములోకి తీసుకెళ్లాను. పిక్కల బస్తాల మధ్య నిశ్శబ్దంగా ఉంటుందని. ఫోన్ ముందు పెట్టగానే పెద్దమ్మ చర్చిలో వాక్యం చదివేటప్పటిలాగ నిటారుగా నిలబడిపోయి, "ప్రియమైన సోదరీమణులారా" అని మొదలెట్టింది. నేను నవ్వాపుకోలేక బస్తా మీద కూలబడ్డాను. ఆమె నన్ను కసిరింది. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అదే. చివరికి నేను, "పెద్దమ్మా, ఫోను సంగతి మర్చిపో. పక్కనున్న పిల్లకి ట్రే ఇస్తున్నావనుకో. ఏమంటావు?" అన్నాను.

"ఏటంతాను? వత్తన్నానమ్మా, ట్రేలొచ్చినాయి, బేగి అందుకోండి అంతాను."

"దారికి ఎవరైనా అడ్డమొస్తే?"

"కాస్త దారిత్తారా బాబూ అంతాను."

"అయిపోయింది" అన్నాను. ఆమె తెల్లబోయింది. రెండు మాటలూ అప్పటికే ఫోన్లో పడిపోయాయి.

మర్నాడు బండి హాల్లోకి వచ్చి, "వత్తన్నానమ్మా, ట్రేలొచ్చినాయి" అనగానే అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు. ఆమె కూర్చున్నచోటే నోరు మూసుకుని ఉంది. గొంతు మాత్రం నడిచి వస్తోంది. ఆ నవ్వులకి పైకప్పు రేకులు ఎగిరిపోతాయేమో అనుకున్నాను. కొత్తగా పెళ్లయిన ఆ పిల్ల ఆ రోజు నుంచి ముసుగు సర్దుకోవడం మానేసింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం షావుకారు గారు ఫోన్లో మాట్లాడుతూ దారికి అడ్డంగా నిలబడ్డారు. వెనక నుంచి, "కాస్త దారిత్తారా బాబూ?" అని వినిపించింది. ఆయన తిరిగి చూడకుండానే గోడ వైపు జరిగి, "ఆఁ ఆఁ, రా పెద్దమ్మా" అన్నారు. పక్క నుంచి బండి వెళ్లిపోయింది. దాన్ని చూసి ఆయన ఫోన్లో మాట మరిచిపోయారు. నెలాఖరు వచ్చింది, పోయింది. తిప్పి పంపే మాట మళ్లీ రాలేదు.

సంగతి పలాస అంతా పాకింది. కాశీబుగ్గ వైపు ఫ్యాక్టరీలున్న ఒక పెద్ద షావుకారు బండిని చూడటానికి వచ్చారు. తెల్లజుట్టు, చేతికి బంగారు గొలుసు, వెనక ఇద్దరు మనుషులు. హాలు గుమ్మంలో నిలబడి చూశారు. బండి ఆయన వైపు తిరగ్గానే మొత్తం ముగ్గురూ గోడకి అతుక్కుపోయారు.

"గుద్దేస్తుందేమోనమ్మా!" అన్నారాయన నాతో.

నేను చెప్పబోయేలోపే పెద్దమ్మ లేచింది. కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, సొనతో నల్లబడిన ఆ వేళ్లతో ఆయన మణికట్టు పట్టుకుంది. "ఏటి బాబూ, బయపడతన్నారు? నాతో రండి" అంది. ఆయన ఒక్క క్షణం ఆమె చేతివైపు చూశారు. తర్వాత చిన్నపిల్లాడిలా ఆమె వెంట దారి మధ్యలోకి వచ్చి నిలబడి, కళ్లు గట్టిగా మూసుకున్నారు.

నేను మీట నొక్కాను. బండి వాళ్లిద్దరి ముందూ వచ్చి ఆగింది.

"కళ్లు తెరవండి బాబూ. ఆగిపోనాది."

ఆయన తెరిచారు. తన పొట్టకీ బండికీ మధ్య ఉన్న ఖాళీలోకి చెయ్యి పెట్టి అటూ ఇటూ ఆడించి చూసుకున్నారు. మొహమంతా నవ్వైపోయింది. పెద్దమ్మ చెయ్యి ఇంకా ఆయన మణికట్టు మీదే ఉంది.

"ఇంకోసారి రమ్మనమ్మా" అన్నారు నాతో. "ఈసారి కళ్లు మూసుకోను."